దిగువ మాధ్యమిక విద్యపై రెండు దేశాల ప్రభుత్వ వ్యయాన్ని పోల్చే విధానం: భారత్, వియత్నాం ఉదాహరణగా

భీమవరం, నరసాపురం, అమలాపురం ప్రాంతాల్లో వియత్నాం పేరు వినని రొయ్యల రైతు అరుదు. ఎగుమతి ధరల మాట వచ్చిన ప్రతిసారీ ఆ దేశం ప్రస్తావనా వస్తుంది. వరి, చెరువులు, కాలువలు, ఉప్పునీటి బెడద ఉన్న మెకాంగ్ డెల్టా మన గోదావరి డెల్టాకు దూరపు బంధువులాగే ఉంటుంది. ఆ దేశపు పదిహేనేళ్ల పిల్లలు 2012లో మొదటిసారి పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో పాల్గొని, తమకన్నా ఎన్నో రెట్లు సంపన్నమైన దేశాల పిల్లల సరసన నిలిచారు. అప్పటి నుంచి వారి బడుల గురించి ప్రపంచమంతా ఆసక్తిగా అడుగుతోంది. పీసా రాసే వయసుకు ముందు ఆ పిల్లలు చదివేది దిగువ మాధ్యమిక తరగతులు. ఆ తరగతుల మీద అక్కడి ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోంది, మన ప్రభుత్వం ఎంత పెడుతోంది అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు రాబట్టే పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను. ఉపాధ్యాయులు, జిల్లా విలేకరులు, అర్థశాస్త్ర విద్యార్థులు ఇంటి దగ్గర కూర్చుని ఒక స్ప్రెడ్‌షీట్‌తో చేయగలిగిన పనే ఇది. అయితే తొందరపడి చేయగలిగినది మాత్రం కాదు.

మొదటి అడుగు: ప్రశ్నను కచ్చితంగా రాసుకోవడం

"ఎవరు ఎక్కువ ఖర్చు పెడుతున్నారు?" అన్నది ప్రశ్నలా కనిపించినా, నిజానికి అందులో కనీసం మూడు ప్రశ్నలున్నాయి. దేశ ఆదాయంలో ఎంత భాగం ఈ తరగతులకు వెళ్తోందన్నది ఒకటి. ప్రభుత్వ మొత్తం వ్యయంలో ఎంత వాటా దక్కుతోందన్నది రెండోది. ఒక్కొక్క పిల్ల మీద ఎంత పడుతోందన్నది మూడోది. మూడింటికీ వేర్వేరు జవాబులు రావచ్చు, అవన్నీ నిజమే కావచ్చు. బడిలో కూర్చున్న పిల్లకు సంబంధించినది మూడోదే కాబట్టి, నా దృష్టిలో దానికే మొదటి స్థానం. మిగిలిన రెండూ ప్రభుత్వ ప్రాధాన్యాన్ని చెబుతాయి గానీ, తరగతి గదికి చేరిన డబ్బును చెప్పవు.

మొదటి కొలత ఎలా దారి తప్పిస్తుందో చూడండి. ఒక దేశంలో ప్రతి విద్యార్థిపై తలసరి జీడీపీలో 15 శాతం ఖర్చవుతోందనీ, జనాభాలో 5 శాతం మంది ఈ తరగతుల్లో ఉన్నారనీ అనుకుందాం. రెంటినీ గుణిస్తే జీడీపీలో 0.75 శాతం వస్తుంది. రెండో దేశంలో విద్యార్థిపై 18 శాతం ఖర్చు, జనాభాలో 4 శాతం విద్యార్థులు అనుకుంటే 0.72 శాతం వస్తుంది. జీడీపీ వాటా మాత్రమే చూసినవారు మొదటి దేశమే ఉదారమైనదని తీర్పు చెబుతారు. కానీ పిల్లకు ఎక్కువ అందుతున్నది రెండో దేశంలో. జీడీపీ వాటా అంటే విద్యార్థికి అయ్యే ఖర్చు, జనాభాలో విద్యార్థుల వాటా ఈ రెంటి గుణకారమేనన్న సూత్రాన్ని స్ప్రెడ్‌షీట్ పైవరుసలోనే రాసి పెట్టుకోండి. చివర్లో తనిఖీకి కూడా అదే పనికొస్తుంది.

రెండో అడుగు: ఏ తరగతులు?

యునెస్కో 2011లో ఆమోదించిన అంతర్జాతీయ విద్యా వర్గీకరణ ప్రకారం ప్రాథమిక విద్య ఒకటో స్థాయి, దిగువ మాధ్యమికం రెండో స్థాయి, ఎగువ మాధ్యమికం మూడో స్థాయి. భారతదేశంలో రెండో స్థాయి కిందికి వచ్చేవి మనం ప్రాథమికోన్నతం అనే 6, 7, 8 తరగతులు. మన ప్రభుత్వ పత్రాల్లో 'మాధ్యమికం' అని ఉండేది 9, 10 తరగతులు, అవి అంతర్జాతీయ లెక్కలో ఎగువ మాధ్యమికంలోకి పోతాయి. 'మాధ్యమికం' అని రాసి ఉంది కదా అని ఆ మొత్తాన్ని తీసుకుని వియత్నాం దిగువ మాధ్యమికం పక్కన పెడితే, మొదటి మెట్టు మీదే కాలు జారినట్టు.

వియత్నాంలో ప్రాథమికం ఐదేళ్లు, దిగువ మాధ్యమికం నాలుగేళ్లు, ఎగువ మాధ్యమికం మూడేళ్లు. అంటే వారి దిగువ మాధ్యమికం 6 నుంచి 9 తరగతుల దాకా ఉంటుంది. విద్యార్థికి అయ్యే సగటు ఖర్చులో ఈ తేడా ప్రభావం తక్కువే. కానీ జీడీపీ వాటాను పోల్చేటప్పుడు మాత్రం, వియత్నాం అదనంగా ఒక తరగతి భారాన్ని మోస్తోందన్న సంగతి మరవకూడదు. అందుకు రెండు పట్టికలు చేసుకోండి. ఒకదానిలో ఎవరి వర్గీకరణ వారిదిగా ఉంచాలి. రెండోదానిలో వాటాను తరగతుల సంఖ్యతో భాగించి, ఒక్కో తరగతికి ఎంతో చూపాలి.

మూడో అడుగు: ఎవరి ఖర్చు, ఏ ఖర్చు?

'ప్రభుత్వం' అంటే కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థలు మూడూ కలిపి. మన దగ్గర బడి ఖర్చులో సింహభాగం రాష్ట్రానిదే, కేంద్రం వాటా ఎక్కువగా సమగ్ర శిక్ష వంటి పథకాల ద్వారా వస్తుంది. 2018లో మొదలైన ఆ పథకంలో ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 భరిస్తాయి. ఆ 60 శాతం కేంద్ర బడ్జెట్‌లో ఒకసారి, రాష్ట్ర బడ్జెట్ గుండా వెళ్లేటప్పుడు మరోసారి కనిపిస్తుంది. కేంద్రం, రాష్ట్రాల మొత్తాలను గుడ్డిగా కలిపితే అదే డబ్బు రెండుసార్లు లెక్కకు వస్తుంది కాబట్టి, బదిలీ అయిన మొత్తాన్ని ఒకవైపు తీసివేయాలి. దీనికి విరుద్ధంగా, పెద్దాపురం, పెదవేగిల్లోని జవహర్ నవోదయ విద్యాలయాల వంటివి నేరుగా కేంద్రం డబ్బుతో నడుస్తాయి. అవి రాష్ట్ర పద్దుల్లో కనిపించవు గనుక విడిగా చేర్చాలి. నవోదయ ఆరో తరగతి నుంచి మొదలవుతుంది కాబట్టి మన ప్రశ్నకు అది నేరుగా సంబంధించినదే.

ఖర్చు స్వభావం విషయంలో కింది నాలుగింటికి ముందే నిర్ణయం తీసుకుని, రెండు దేశాలకూ ఒకేలా అమలు చేయాలి.

నిర్మాణ వ్యయం ఏటా ఒకేలా ఉండదు. 2019లో మొదలైన నాడు–నేడు వంటి కార్యక్రమం సాగిన సంవత్సరాల్లో అది ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకని జీతాలు, నిర్వహణ ఖర్చును ఒక వరుసలోనూ, నిర్మాణ వ్యయానికి ఐదేళ్ల సగటును మరో వరుసలోనూ చూపడం మేలు.

పింఛన్ల విషయం మరీ చిక్కు. మన దగ్గర పాత పద్ధతిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుల పింఛను విద్యాశాఖ పద్దులో కాక 2071 అనే పింఛన్ల పద్దులో పడుతుంది. వియత్నాంలో ఉపాధ్యాయుని సామాజిక బీమాకు యజమానిగా ప్రభుత్వం కట్టే వంతు బడి ఖర్చులోనే ఉంటుంది. పింఛనుగా ఇచ్చిన డబ్బును కాక, పనిచేస్తున్న వారి పేరిట కట్టవలసిన వంతును లెక్కించడమే సరైన పద్ధతి. మన వైపు అది అందుబాటులో లేకపోతే, రెండు వైపులా తీసివేసి ఆ మాట రాయండి.

మధ్యాహ్న భోజనం మూడోది. లంకల గన్నవరంలో ఆకలన్న వారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో మన రాష్ట్ర పథకానికి పెట్టారు. కోనసీమ వారికి అది ఇష్టమైన సంగతే గానీ, లెక్క రాసేవారికి కావలసింది వేరు. కేంద్రం సాయం ఎనిమిదో తరగతి వరకే వస్తుంది, 9, 10 తరగతుల భోజనం ఖర్చు రాష్ట్రానిది. వియత్నాంలో బడిలో భోజనం ఉన్నచోట సాధారణంగా తల్లిదండ్రులే చెల్లిస్తారు. కాబట్టి భోజనం ఖర్చును 'అనుబంధ సేవలు' అనే విడి వరుసలో ఉంచి, దానితో ఒకసారి, అది లేకుండా ఒకసారి పోల్చాలి.

చివరిది కుటుంబాలకు ఇచ్చే నగదు. 2020లో మొదలైన అమ్మఒడిలో డబ్బు తల్లుల ఖాతాలోకి వెళ్లేది, దాని తర్వాత 2025లో వచ్చిన తల్లికి వందనంలోనూ అంతే, ప్రైవేటు బడుల పిల్లల తల్లులకు కూడా. ఇది ప్రభుత్వం పెట్టిన ఖర్చే, కానీ బడి పెట్టిన ఖర్చు కాదు. యునెస్కో లెక్కల్లో ఇటువంటి బదిలీలను ప్రభుత్వ తొలి నిధుల కింద, అంటే ఎవరి చేతికి చేరినా మొదట ఖజానా నుంచి వెళ్లిన డబ్బు కింద, చూపే అవకాశం ఉంది. పాఠశాలలకు చేరినది ఎంత అన్నది మీ ప్రశ్న అయితే మాత్రం దాన్ని పక్కన పెట్టవలసిందే.

నాలుగో అడుగు: మన పద్దుల్లోంచి 6, 7, 8 తరగతులను విడదీయడం

పోలిక మొత్తంలో కష్టమైన భాగం ఇదే. మంచి లెక్కకూ చెడ్డ లెక్కకూ తేడా వచ్చేదీ ఇక్కడే. భారత బడ్జెట్లలో సాధారణ విద్య ప్రధాన పద్దు 2202. దాని కింద 01 ప్రాథమిక విద్య, 02 మాధ్యమిక విద్య, 03 ఉన్నత విద్య. 01 అన్న చోట ఒకటి నుంచి ఎనిమిది తరగతుల డబ్బు కలిసి ఉంటుంది. 6, 7, 8 తరగతులకు విడిగా పద్దు లేదు. పైగా మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది దాకా ఒకే ప్రాంగణంలో, ఒకే స్కూల్ అసిస్టెంట్ల చేతుల మీదుగా నడుస్తాయి. ఉన్నత పాఠశాల జీతాలు మాధ్యమిక పద్దు కింద రాసి ఉంటే, ఆరో తరగతి పిల్ల ఖర్చు 02లో ఉంటుంది. అదే పిల్ల పక్క ఊళ్లోని ప్రాథమికోన్నత పాఠశాలలో చదివితే ఖర్చు 01లో ఉంటుంది. 2022లో 117 నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, ఐదు తరగతులను కూడా అనేక చోట్ల ఉన్నత పాఠశాలలకు జోడించి, 2025లో దాన్ని రద్దు చేశారు. ఆ మధ్యకాలపు సంఖ్యలను వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

కాబట్టి వాటా మనమే కట్టుకోవాలి. దానికి రెండు కొలబద్దలున్నాయి: విద్యార్థుల సంఖ్య, బోధన పీరియడ్లు. రెండూ ఒకే ఫలితం ఇవ్వవు. ఎందుకో ఊహా సంఖ్యలతో చూద్దాం. రాజోలు వైపు ఒక ఉన్నత పాఠశాల ఉందనుకుందాం. ఆరు నుంచి పది దాకా తరగతికి ఒక సెక్షన్ చొప్పున ఐదు సెక్షన్లు, ఎనిమిది మంది ఉపాధ్యాయులు, వారి వార్షిక జీతాలు 80 లక్షల రూపాయలు. 6, 7, 8 తరగతుల్లో 100 మంది, 9, 10 తరగతుల్లో 100 మంది. వారానికి సెక్షన్‌కు 48 పీరియడ్లు.

విద్యార్థుల సంఖ్యను బట్టి పంచితే సగం, అంటే 40 లక్షలు, 6, 7, 8 తరగతులకు వస్తాయి. ఒక్కొక్కరికి 40,000 రూపాయలు. పీరియడ్లను బట్టి పంచితే మొత్తం 240లో 144, అంటే 60 శాతం, 48 లక్షలు. ఒక్కొక్కరికి 48,000. బడి అదే, డబ్బు అదే, కానీ తేడా 20 శాతం. ఉపాధ్యాయుడి సమయానికే జీతం ఇస్తున్నాం కాబట్టి నా మొగ్గు పీరియడ్ల వైపే. అయితే అక్కడ ఆగకూడదు. పదో తరగతికి పొద్దున, సాయంత్రం నడిపే ప్రత్యేక తరగతులు టైంటేబుల్‌లో కనిపించవు. అవి వారానికి 20 పీరియడ్లు అనుకుంటే మొత్తం 260 అవుతుంది, 144 వాటా సుమారు 55.4 శాతానికి తగ్గి, విద్యార్థికి దాదాపు 44,300 రూపాయలు వస్తుంది. ఇటువంటి చిన్న వివరాలే తుది జవాబును అటూ ఇటూ జరుపుతాయి. కాబట్టి ఒక్క సంఖ్య ఇవ్వకుండా, 40,000 నుంచి 48,000 మధ్య అని పరిధిగా ఇవ్వడం నిజాయతీ.

దేశం మొత్తానికి పీరియడ్ల లెక్క దొరకదు. దాని బదులు దేశంలోని బడుల వివరాలు సేకరించే కేంద్ర విద్యాశాఖ వ్యవస్థ యూడైస్ ప్లస్‌లో ఏయే రకం బడుల్లో ఎంతమంది ఉపాధ్యాయులు, ఏయే తరగతుల్లో ఎంతమంది పిల్లలు అన్న వివరాలు వాడి ఇదే పంపకం చేయవచ్చు. ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఒకటి నుంచి ఐదు చెప్పే సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులనూ, ఆపై తరగతులు చెప్పే స్కూల్ అసిస్టెంట్లనూ వేర్వేరు జీతాలతో లెక్కించాలి. మీ జిల్లా స్థాయిలో పద్ధతిని పరీక్షించదలిస్తే, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, పాఠశాలల వారీ జీతాల బిల్లులూ మంజూరైన పోస్టులూ అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీశారు కాబట్టి, అంతకు ముందరి 'తూర్పు గోదావరి' సంఖ్యలో నేటి కోనసీమ, కాకినాడ జిల్లాలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి.

విద్యాశాఖ బయట ఉన్న ఖర్చును కూడా వెతకాలి. సాంఘిక సంక్షేమ గురుకులాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ల ఖర్చులో చాలా భాగం 2225 పద్దులో ఉంటుంది. నిర్మాణ వ్యయం 4202లో ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ ప్రచురించే విద్యా బడ్జెట్ వ్యయ విశ్లేషణ ఇతర శాఖల విద్యా వ్యయాన్ని కూడా చూపుతుంది కాబట్టి మొదలుపెట్టడానికి అది మంచి చోటు.

ఐదో అడుగు: వియత్నాం వైపు

అక్కడి బడ్జెట్ పద్దుల జాబితాలో విద్య, శిక్షణలకు 070 వర్గం ఉంది. అందులో 071 పూర్వ ప్రాథమికం, 072 ప్రాథమికం, 073 దిగువ మాధ్యమికం, 074 ఎగువ మాధ్యమికం. మనకు లేని సౌకర్యం వారికి ఉందన్నమాట. కానీ ప్రజలకు సులభంగా దొరికే దేశస్థాయి పత్రాల్లో విద్య, శిక్షణ, వృత్తి శిక్షణ అన్నీ కలిపి ఒకే వరుసగా ఉంటాయి. 2019 నాటి విద్యా చట్టం ప్రకారం రాజ్య బడ్జెట్‌లో కనీసం 20 శాతం విద్యకు ఇవ్వాలి. ఈ 20 శాతం కూడా మొత్తం విద్యారంగానిదే. దాన్ని దిగువ మాధ్యమికానికి అంటగట్టకూడదు, మన కొఠారి కమిషన్ చెప్పిన ఆరు శాతం జీడీపీ లక్ష్యంతో నేరుగా పోల్చకూడదు. ఒకటి బడ్జెట్‌లో వాటా, రెండోది దేశ ఆదాయంలో వాటా.

స్థాయిల వారీ విభజనకు యునెస్కో గణాంక సంస్థ దత్తాంశంలో దిగువ మాధ్యమికానికి విడిగా ఉన్న సూచికలను చూడండి. ఖాళీ గడిని సున్నాగా తీసుకోకండి, అంచనా అన్న గుర్తు ఉంటే దాన్ని మీ పట్టికలోకి కూడా తీసుకురండి. ప్రపంచ బ్యాంకు పట్టికల్లో తరచుగా కనిపించే 'మాధ్యమిక' సంఖ్యలో దిగువ, ఎగువ రెండూ కలిసి ఉంటాయి.

నేరుగా వియత్నాం పత్రాలు చూసేవారికి ఒక హెచ్చరిక. అక్కడ వేలను విడదీయడానికి చుక్క, దశాంశానికి కామా వాడతారు. 1.234 అని ఉంటే అది వెయ్యి రెండువందల ముప్పై నాలుగు. వారి కరెన్సీ డాంగ్, ఒక ట్రిలియన్ డాంగ్ అంటే లక్ష కోట్ల డాంగ్. ఇక 2025 జూలై నుంచి ఆ దేశం రాష్ట్రాల సంఖ్యను 63 నుంచి 34కు తగ్గించి, జిల్లా స్థాయి పాలనను ఎత్తివేసింది. అంతవరకు దిగువ మాధ్యమిక బడులను నడిపింది ఆ జిల్లాలే. కాబట్టి 2025కు ముందూ తర్వాతా వచ్చే స్థానిక సంఖ్యలను ఒకే వరుసలో కలపకూడదు. 2025–26 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఫీజును కూడా ఎత్తివేశారు. అప్పటివరకు తల్లిదండ్రులు కట్టినది ప్రభుత్వం మీద పడటంతో, బడికి పైసా అదనంగా చేరకపోయినా ప్రభుత్వ వ్యయం పెరిగినట్టు కనిపిస్తుంది.

ఆరో అడుగు: సంవత్సరం, అంచనా, అసలు ఖర్చు

ధవళేశ్వరం వద్ద వదిలిన నీరంతా శివారు భూములకు చేరదని డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. బడ్జెట్ అంచనాకూ ఖర్చయిన డబ్బుకూ ఉన్న సంబంధం అటువంటిదే. మన బడ్జెట్ పుస్తకంలో మూడు రకాల సంఖ్యలుంటాయి. 2025–26 బడ్జెట్‌లో 2025–26కు అంచనా, 2024–25కు సవరించిన అంచనా, 2023–24కు లెక్కలు ఉంటాయి. ఈ మూడోదే వాడాలి. వియత్నాంలోనూ ఖరారైన లెక్కలకు జాతీయ సభ ఆమోదం రావడానికి సంవత్సరం ముగిశాక 18 నెలల దాకా పడుతుంది. ఒక దేశానికి అంచనాను, మరో దేశానికి అసలు ఖర్చును పెట్టి పోల్చడం కన్నా, రెండేళ్లు పాతవైనా ఖరారైన సంఖ్యలనే పోల్చడం మంచిది.

వారి ఆర్థిక సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. 2023 కోసం మన 2022–23 వ్యయంలో నాలుగో వంతు, 2023–24లో నాలుగింట మూడు వంతులు కలపండి.

ఏడో అడుగు: విద్యార్థుల సంఖ్య

భాగహారంలో పైసంఖ్య కోసం పడినంత శ్రమ కిందిసంఖ్య కోసం ఎవరూ పడరు, తప్పులు మాత్రం ఇక్కడే ఎక్కువ. మన దగ్గర ప్రైవేటు బడుల్లో చదివేవారు చాలామంది, వియత్నాం దిగువ మాధ్యమికంలో వారు బహు కొద్ది మంది. ప్రభుత్వ వ్యయాన్ని మొత్తం పిల్లలతో భాగిస్తే మన సంఖ్య చిన్నదవుతుంది, ప్రభుత్వ బడుల పిల్లలతో భాగిస్తే పెద్దదవుతుంది. యునెస్కో సూచిక మొదటి పద్ధతిని అనుసరిస్తుంది, దేశంలోని సగటు పిల్లకు ప్రభుత్వం ఎంత అండగా ఉందో అది చెబుతుంది. ప్రభుత్వ బడిలో కూర్చున్న పిల్లకు ఎంత అందుతోందో తెలియాలంటే రెండోది కావాలి. రెండూ ఇవ్వండి. అయితే రెండో పద్ధతిలో ప్రైవేటు ఎయిడెడ్ బడులకు ఇచ్చే గ్రాంటును పైసంఖ్యలో ఉంచితే, ఆ బడుల పిల్లలను కిందిసంఖ్యలో చేర్చాలి.

యూడైస్ ప్లస్ 2022–23 నుంచి బడి చెప్పిన మొత్తాలను కాక, ఒక్కొక్క విద్యార్థి పేరుతో వివరాలు సేకరిస్తోంది. దానికి ముందరి సంవత్సరాలతో పోల్చి, విద్యార్థికి ఖర్చు పెరిగిందని తేల్చడానికి ముందు, పెరిగింది డబ్బా, తగ్గింది నమోదా అని చూడాలి.

ఎనిమిదో అడుగు: ఒకే కొలతకు తేవడం

రూపాయిలనూ డాంగ్‌లనూ మార్కెట్ మారకపు రేటుతో డాలర్లలోకి మార్చితే, ఉపాధ్యాయుడి జీతం స్థానిక ధరల్లో ఎంత కొనగలదో తెలియదు. అమెరికాలో ఒక డాలరుకు దొరికేదాన్ని ఇక్కడ కొనడానికి ఎన్ని రూపాయలు కావాలో చెప్పే కొనుగోలు శక్తి సమానత రేటు అందుకే ఉంది. 2017లో డాలరు మార్కెట్ రేటు సగటున 65.12 రూపాయలు కాగా, ప్రపంచ ధరల పోలిక కార్యక్రమం లెక్కగట్టిన కొనుగోలు శక్తి రేటు 20.65 రూపాయలు. ఏ రేటు ఎంచుకున్నారన్న దాన్ని బట్టి మన ఖర్చు మూడు రెట్లు మారిపోతుంది.

అయినా ఈ రేటు కూడా మొత్తం ఆర్థిక వ్యవస్థ ధరలది, బడి ధరలది కాదు. బడి ఖర్చులో అధిక భాగం జీతాలే కాబట్టి, విద్యార్థికి అయిన ఖర్చును తలసరి జీడీపీతో భాగించి శాతంగా చెప్పడం నాకు ఎక్కువ నచ్చిన కొలత. దీనికి మారకపు రేటే అక్కరలేదు. కాలక్రమంలో మార్పు చూడదలిస్తే మాత్రం ప్రతి దేశపు సంఖ్యనూ ఆ దేశపు జీడీపీ ధరల సూచీతో స్థిర ధరల్లోకి తెచ్చుకోవాలి.

భారత్‌కు బదులు ఆంధ్రప్రదేశ్‌నే వియత్నాం పక్కన నిలబెట్టాలన్న కోరిక మనకు సహజం. చేయవచ్చు. అప్పుడు రాష్ట్ర స్థూల ఉత్పత్తి, రాష్ట్ర జనాభా వాడాలి. రాష్ట్రంలో కేంద్రం నేరుగా పెట్టిన ఖర్చును చేర్చాలి. ఒక దేశాన్ని ఒక రాష్ట్రంతో పోలుస్తున్నామని శీర్షికలోనే చెప్పాలి.

తొమ్మిదో అడుగు: జవాబును కదిపి చూడటం, రాయడం

పంపకానికి వాడిన కొలబద్దను మార్చండి, భోజనం తీసివేయండి, నగదు బదిలీ కలపండి, కిందిసంఖ్య మార్చండి. ప్రతిసారీ ఏ దేశం ముందుందో పక్కన రాసుకోండి. ఎన్ని మార్చినా ఒకే దేశం ముందుంటే ధైర్యంగా చెప్పవచ్చు. ఒక్క మార్పుతో క్రమం తారుమారైతే, తేడా తేల్చగలిగినంత లేదనే రాయాలి. తర్వాత మొదటి అడుగులోని గుణకార సూత్రంతో జీడీపీ వాటాను తిరిగి లెక్కించి, విడిగా వచ్చిన వాటాతో సరిపోయిందో లేదో చూడండి. పొసగకపోతే సాధారణంగా తరగతుల పరిధిలోనో, సంవత్సరంలోనో పొరపాటు ఉంటుంది.

ఫలితాన్ని రాసేటప్పుడు ఒకే వాక్యంలో ఈ వివరాలన్నీ ఇమడాలి: ఫలానా సంవత్సరపు ఖరారైన లెక్కల ప్రకారం, భారత్‌లో 6 నుంచి 8, వియత్నాంలో 6 నుంచి 9 తరగతులకు, పింఛన్లూ నగదు బదిలీలూ మినహాయించి, భోజనం విడిగా చూపి, ప్రభుత్వ, ప్రైవేటు విద్యార్థులందరితో భాగించగా, విద్యార్థికి ప్రభుత్వ వ్యయం తలసరి జీడీపీలో ఇంత నుంచి ఇంత శాతం మధ్య ఉంది. ఆ వాక్యం కింద పంపకానికి వాడిన కొలబద్ద, దాన్ని మార్చినప్పుడు వచ్చిన సంఖ్య, స్ప్రెడ్‌షీట్ ప్రతి జతచేయండి. మరుసటి ఏడాది లెక్కలు ఖరారు కాగానే అవే గడుల్లో కొత్త సంఖ్యలు నింపి, పాత ఫలితాన్ని చెరపకుండా పక్క వరుసలో ఉంచండి.